రెండు డిస్కులు, నేరేడుచర్ల బస్టాండు

అక్కను నేను మొదట చూసింది సూర్యాపేటలో, 2002 ఎండాకాలం, టీచర్లకు పెట్టిన పది రోజుల కంప్యూటర్ శిక్షణలో. అక్క అంటే తోబుట్టువు కాదు. ఆమె ఇల్లు కోదాడ, ఉద్యోగం చిలుకూరు హైస్కూల్లో తెలుగు టీచరు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను మిర్యాలగూడలో సోషల్ చెప్పేదాన్ని. మనుషులు ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ కావడంతో ఒక్కో దాని ముందు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టారు. ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్లి కూర్చున్నాను.

మౌసు పట్టుకోవడం ఆమెకు కొత్త. తెర మీద బాణం గుర్తు ఎటో పారిపోయేది. కానీ అడగడానికి మాత్రం జంకేది కాదు. రెండో రోజు శిక్షణ ఇచ్చే సారు ఫైలు ఎలా దాచాలో చూపిస్తుంటే లేచి నిలబడింది.

"సార్, కరెంటు పోతే ఇదంతా ఏమైద్ది?"

"సేవ్ చేసినంక ఏం కాదు మేడం."

"సేవ్ చేసిన డబ్బానే పాడైతే?"

సారు నవ్వాడు. "అట్ల అరుదుగ అయితది మేడం. పరేషాన్ గాకుండ్రి."

ఆమె కూర్చుని నోటుబుక్కులో 'అరుదుగా' అని రాసి, కింద రెండు గీతలు గీసింది. పక్కనుంచి చూసి నాకు నవ్వొచ్చింది. నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"నవ్వకమ్మా. అరుదుగా అంటే అయిద్దనే."

ఆ భయం ఎందుకో నాలుగో రోజు అన్నం తింటున్నప్పుడు తెలిసింది. ఆమె ఎన్నో ఏళ్లుగా మాటలు పోగు చేస్తోంది. కోదాడ చుట్టుపక్కల ఒకే వస్తువుకు ఈ వీధిలో ఒక పేరు, ఆ వీధిలో ఇంకో పేరు. సగం మంది తెలంగాణ మాట, సగం మంది కృష్ణా జిల్లా మాట, కొందరు రెండూ కలిపి. పిల్లలు కాంపోజిషన్లలో రాసే మాటలు, వాళ్ల నాయనమ్మలు మాట్లాడే మాటలు, ఎవరు ఏ ఊళ్లో ఏ సందర్భంలో అన్నారో తేదీతో సహా నోటుబుక్కుల్లో రాసుకునేది. అలాంటివి పదకొండు పుస్తకాలు ఉంటే, ఒకదాన్ని చెదలు తినేశాయట.

"అట్ట మాత్రం మిగిలింది. తెరిస్తే లోపల మట్టి," అంది. "అందుకే ఇది నేర్చుకుందామని వచ్చా. దీనికి చెదలు పట్టవంటగా."

పదో రోజు విడిపోయేటప్పుడు ఫోన్ నంబర్లు రాసుకున్నాం. అప్పటికే నేను అక్క అంటున్నాను, ఆమె నన్ను చెల్లీ అంటోంది.

మరుసటి ఏడు మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. మా ఆయన కరెంటు సబ్‌స్టేషన్‌లో పనిచేసేవాడు. ముందు గదిలో బీరువా పక్కన బల్ల వేసి దాని మీద పెట్టాడు. ప్రశ్నపత్రాలు టైపు చేయడానికని తెచ్చుకున్నాం గానీ, మొదట్లో దాంతో నేను చేసిన అసలు పని మా అమ్మ గొంతు దాచడం.

మాది పాలకీడు దగ్గర ఊరు. గొర్లు కాసే ఇల్లు. అమ్మ కంటి ఆపరేషన్‌కని వచ్చి పన్నెండు రోజులు మా ఇంట్లో ఉంది. ఊళ్లో పని వదిలి అన్ని రోజులు కూర్చోవడం ఆమెకు అదే మొదలు, అదే ఆఖరు. ఒక మధ్యాహ్నం కంప్యూటర్‌తో వచ్చిన చిన్న మైకు ఆమె నోటి దగ్గర పెట్టాను. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని ఉంది. మైకును తడిమి చూసింది.

"ఇండ్ల మాట్లాడితే ఎవరింటరే?"

"నేనింట."

"నువ్వు గీడనే ఉన్నవ్ గద."

తర్వాత తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం వానలో మూసీ ఒడ్డు దాకా వెళ్లిన సంగతి చెప్పింది. నాలుగు నిమిషాలు. చివర 'ఇగ సాలు, ఆపు' అంటుంది. ఆ చలికాలంలోనే అమ్మ పోయింది. ఆ తర్వాత ఆదివారాలు నేను తల స్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ ఆ నాలుగు నిమిషాలు వినేదాన్ని.

అక్క ఫోన్ చేసిన ప్రతిసారీ అడిగేది. "అమ్మది సీడీలో ఎక్కించావా?"

"ఎక్కిస్త అక్కా."

"పోయినసారీ ఇదే మాట అన్నావు."

అప్పటికి ఆమె కొనుక్కున్న కంప్యూటర్‌లో సీడీలు రాసే డ్రైవు ఉంది, మా ఇంట్లో లేదు. అదే నా సాకు. ఎవరినైనా అడిగితే పది నిమిషాల పని. కానీ ఎదురుగా ఉన్నదాన్ని దాచాలని ఎందుకు అనిపిస్తుంది? బటన్ నొక్కితే అమ్మ మాట్లాడుతూనే ఉంది కదా.

2005 మే నెలలో ఒక రోజు కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల టిక్కుటిక్కుమని చప్పుడు. తెర నల్లగా ఉండిపోయింది. షాపుకు తీసుకెళ్లాం. అతను డిస్కు విప్పి, వేరే దానికి తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"డిస్కు ఖతం మేడం. దీంట్లకెళ్లి ఏం రాదు."

మా ఆయన దాన్ని హైదరాబాద్ కూడా తీసుకెళ్లి వచ్చాడు. అక్కడా అదే మాట. అమ్మ గొంతుతో పాటు మా పాప మొదటి రెండేళ్ల ఫొటోలూ పోయాయి. ఫొటోలకు నేను ఏడ్చాను. అమ్మ గొంతుకు ఏడుపు రాలేదు. చాలా రోజులు ఆదివారం జుట్టు తడిగానే ముడి వేసుకునేదాన్ని.

ఫోన్‌లో చెబితే అక్క ఒక్క మాట కూడా 'నేను చెప్పలేదా' అనలేదు. ఆ వచ్చే ఆదివారం కోదాడలో బస్సెక్కి మిర్యాలగూడ వచ్చేసింది. చేతిలో సంచి, సంచిలో ఖాళీ సీడీల డబ్బా, తన ఇంట్లోంచి విప్పించుకొచ్చిన సీడీ డ్రైవు.

"ఇది నీ దగ్గర ఉంచు. నేను వేరేది తీసుకుంటా," అంది.

అప్పటికే మా కంప్యూటర్‌లో కొత్త డిస్కు వేయించాం. ఆ రోజంతా ఇద్దరం బల్ల ముందే కూర్చున్నాం. ఏదో కంప్యూటర్ పత్రికతో వచ్చిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఒకటి నేను దొరకబుచ్చుకున్నాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మొత్తం ఫైళ్లన్నిటినీ నొక్కి ఒకే ముద్ద చేస్తుంది, తాళం కూడా వేస్తుంది. అక్కకు అది నచ్చలేదు.

"ఈ ముద్దను విప్పాలంటే?"

"మళ్ల ఇదే సాఫ్ట్‌వేర్ ఉండాలె."

"పదేళ్ల తర్వాత ఇది ఉండిద్దా?"

నాకు తెలియదు. నెల తిరిగేసరికి జవాబు వచ్చింది. అది నెల రోజులు మాత్రమే ఉచితమట. గడువు అయిపోయాక ముద్ద విప్పమంటే విప్పనంది. అప్పటి నుంచి మామూలు కాపీయే. ఏ కంప్యూటర్‌లో పెట్టినా, ఏ సాఫ్ట్‌వేర్ లేకపోయినా తెరుచుకోవాలి. ఇంకోటి కూడా అక్కే కనిపెట్టింది. ఆమె టైపు చేసిన తెలుగు ఫైలు మా ఇంట్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, అంతా గందరగోళం. ఫాంటు లేకపోతే ఫైలు ఉన్నా లేనట్టేనని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ప్రతి సీడీలో మాటలతో పాటు ఫాంటు కూడా ఎక్కించేది. రాసిన సీడీని వెంటనే తీసి పక్కన పెట్టనిచ్చేది కాదు. మళ్లీ లోపల పెట్టి, ఏదో ఒక ఫైలు తెరిచి, నాలుగు వాక్యాలు చదివి, అప్పుడు పైన తేదీ రాసేది. 'చదవందే తేదీ వెయ్యకు' అనేది.

సీడీల కాలం మూడేళ్లు నడిచింది. తర్వాత అరచేతి వెడల్పు డిస్కులు వచ్చాయి. చెరొకటి కొనుక్కున్నాం. వాటితో ఏం చేయాలో ఆలోచించింది కూడా అక్కే.

"నా ఇల్లు తగలబడితే నా కంప్యూటరూ పోయిద్ది, పక్కనున్న డిస్కూ పోయిద్ది. అందుకని నాది నీ దగ్గర ఉండాలి, నీది నా దగ్గర ఉండాలి."

చివరకు కుదిరిన పద్ధతి ఇది. రెండు డిస్కుల్లోనూ రెండు ఫోల్డర్లు. ఒకటి కోదాడ, ఒకటి మిర్యాలగూడ. నెలకోసారి కలిసి డిస్కులు మార్చుకోవడం. నా దగ్గరకు వచ్చిన డిస్కులో నా కొత్త ఫైళ్లు నేను ఎక్కిస్తాను, తన దగ్గరకు వెళ్లినదాంట్లో తనవి తను ఎక్కిస్తుంది. మళ్లీ నెలకు మార్పిడి. ఎవరి ఇంట్లో ఏం జరిగినా రెండో ఇంట్లో నెల కిందటి వరకు అన్నీ ఉంటాయి.

కలవడానికి నేరేడుచర్ల అనుకున్నాం. మిర్యాలగూడ నుంచి నాకు బస్సు, కోదాడ నుంచి ఆమెకు హుజూర్‌నగర్ మీదుగా బస్సు, అది దొరక్కపోతే షేర్ ఆటోలు. రెండో ఆదివారం, పదిన్నరకు, బస్టాండు పక్క హోటల్లో. ముందు వచ్చినవాళ్లు గోడ వైపు బల్ల పట్టాలి.

అక్క తన డిస్కును స్టీలు టిఫిన్ డబ్బాలో, చేతిరుమాలు చుట్టి తెచ్చేది. బస్సు గుంతల్లో ఎగిరితే డిస్కు దెబ్బ తింటుందని డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చునేదట. ఒకసారి పక్క సీటావిడ, 'ఏం కూర తెచ్చినవమ్మా, అంత భద్రంగ పట్టుకున్నవ్' అని అడిగిందని చెప్పి నవ్వింది. మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వచ్చేది. ఇడ్లీ తిని, టీ తాగి, డబ్బాలు మార్చుకునేవాళ్లం. ఆ పని రెండు నిమిషాల్లో అయిపోయేది. మిగతా రెండు గంటలు కబుర్లు. స్కూలు సంగతులు, మా పాప చదువు, ఆమె మోకాళ్ల నొప్పులు, ఆ నెల దొరికిన కొత్త మాటలు. ఒంటిగంట బస్సుకు ఎవరి దారి వాళ్లది.

ఆ రెండు గంటలు నాకు ఎంత కావాలో అప్పుడు నాకు తెలియదు. డిస్కు పని మీద వెళుతున్నాననే అనుకునేదాన్ని. ఇంట్లో కూడా అలాగే చెప్పేదాన్ని.

నా తప్పు 2010లో జరిగింది.

ప్రతి నెలా ఏ ఫైలు కొత్తది, ఏది పాతది అని వెతికి కాపీ చేయడం విసుగ్గా ఉంటే, ఇంటర్నెట్‌లో వెతికి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. ఎడమ పక్క కంప్యూటర్, కుడి పక్క డిస్కు, మధ్యలో బాణాలు. ఎడమవైపు ఉన్నది ఉన్నట్టు కుడివైపు చేస్తుంది. నేను కుడివైపు మిర్యాలగూడ ఫోల్డర్‌ను చూపించాలి. డిస్కు మొత్తాన్ని చూపించాను. ఎడమవైపు లేనివి కుడివైపు ఉన్నాయి, తీసేయమంటారా అని అది అడిగింది. అప్పుడు పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. సరే అని నొక్కి వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి పని పూర్తయిందని రాసి ఉంది. ఎంత సులువుగా అయిపోయిందని సంతోషపడ్డాను కూడా. తర్వాత పాప స్కూలు వార్షికోత్సవం వీడియోలు అదే డిస్కులో ఎక్కించాను.

మూడు వారాలకు, ఒక మధ్యాహ్నం, అక్క ఫోన్ చేసింది. కోదాడలో గాలివాన, పిడుగు. ఆ సమయానికి ఆమె డిస్కు తగిలించి కాపీ చేస్తోందట. కంప్యూటరూ డిస్కూ రెండూ పోయాయి.

"మంచిదయింది చెల్లీ, నీ దగ్గరుంది. లేకపోతే నా గుండె ఆగిపోయేది," అంది. గొంతులో భయం లేదు. "ఒకసారి తెరిచి చూసి చెప్తావా?"

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని డిస్కు తగిలించాను. నా ఫోల్డర్లన్నీ ఉన్నాయి. కోదాడ ఫోల్డర్ లేదు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. పొయ్యి మీద పాలు, సరే అని నొక్కడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ఉందా?"

"అక్కా, కరెంటు పోయింది. వచ్చినంక చూసి చెప్త," అన్నాను. ఆమెతో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

డిస్కు పట్టుకుని షాపుకు పరుగెత్తాను. తుడిచిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ ఏదో వేసి అతను రెండు రోజులు చూశాడు. పైన వీడియోలు ఎక్కించడం వల్ల చాలావరకు పోయాయి. వచ్చినవి పేర్లు లేని ఫైళ్లు. తెరిస్తే ఖాళీ. మూడో రోజు సెలవు పెట్టి కోదాడ వెళ్లాను. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె ముందు గదిలో కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. విని లేచి లోపలికి వెళ్లింది. మజ్జిగ గ్లాసుతో వచ్చి నా ముందు పెట్టింది.

"తీసేయమంటారా అని అది అడగలేదా?"

"అడిగింది."

"నువ్వేమన్నావు?"

"సరే అన్న."

ఆమె గ్లాసును నా వైపు జరిపింది. "మజ్జిగ తాగు. బస్సుకు టైమయిద్ది," అంది.

సీడీల్లో 2008 దాకా ఉన్నాయి. నోటుబుక్కుల్లో రాయడం ఆ ముందు ఏడే మానేసింది, నేరుగా కంప్యూటర్‌లోనే ఎక్కించేది. అంటే రెండేళ్ల మాటలు ఎక్కడా లేవు.

ఆ నెల రెండో ఆదివారం నేను నేరేడుచర్ల వెళ్లాను. గోడ వైపు బల్ల దగ్గర కూర్చున్నాను. ఒంటిగంట దాకా ఆమె రాలేదు. ఫోన్ చేయడానికి నాకు ధైర్యం లేదు. మరుసటి నెలా వెళ్లాను, రాలేదు. హోటలాయన అడిగాడు, "కోదాడ మేడం వస్తలేదేంది?" పని ఉన్నదట అన్నాను.

మూడో నెల వెళ్లేసరికి ఆమె ముందే వచ్చి కూర్చుని ఉంది. బల్ల మీద టిఫిన్ డబ్బా లేదు, కొత్త నోటుబుక్కు ఉంది.

"కూర్చో," అంది. "గుర్తొచ్చినవి రాశా. నూటయాభై దాకా వచ్చినయి. మిగతావి మళ్లీ అడుగుదాం. నువ్వు కూడా తిరగాలి నాతో."

"తిరుగుత అక్కా."

"రెండు నెలలు నీ మీద కోపంగా ఉన్నా. ఇప్పుడు కూడా కొంచెం ఉంది. అది ఉండగానే తిరుగుదాం."

ఆ తర్వాత ఏడాదిన్నర నా బతుకులో మళ్లీ రానిది. రెండో ఆదివారం ఒక్కటే కాదు, వీలైన ప్రతి ఆదివారం బయలుదేరేవాళ్లం. చిలుకూరులో ఒక ముసలమ్మ అక్కను చూడగానే గుర్తుపట్టింది.

"పోయినేడు అన్నీ చెప్పిన గదమ్మా. మళ్ల ఏం జెప్పాలె?"

"మర్చిపోయానమ్మా. మళ్లీ చెప్పు."

మర్చిపోయానని చెప్పిందే గానీ, పక్కన కూర్చున్న నా వైపు చూడలేదు. ఏ ఊళ్లోనూ ఎవరికీ నా సంగతి చెప్పలేదు. యంత్రం పాడైందనేది, లేదా తానే మర్చిపోయాననేది. ముసలమ్మ మొదటిసారి చెప్పిన మాటలే మళ్లీ చెప్పలేదు. కొన్ని అవే, కొన్ని వేరే. అక్క అవన్నీ రాసుకుంది. వెనక్కి వస్తుంటే, "కొత్తవి దొరికినయి చూడు," అంది. నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగానే సంతోషపడిందో తెలియలేదు.

అన్నీ దొరకలేదు. హుజూర్‌నగర్ దగ్గర కుండలు చేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మట్టి రకాలకు, కుండలు కాల్చే ఆవంలో పెట్టే వరసలకు ఆయన చెప్పిన మాటలు రెండు పేజీలు ఉండేవట. మేము వెళ్లేసరికి ఆయన పోయి ఆర్నెల్లయింది. కొడుకు తాపీ పనికి వెళ్తున్నాడు. 'మా నాయినకే ఎరుక అవన్నీ' అన్నాడు. ఆ రెండు పేజీల్లో అక్కకు గుర్తున్నవి మూడే మాటలు. ఆ రోజు బస్సెక్కగానే ఆమె ఆ మూడూ నోటుబుక్కులో రాసుకుంది.

మా ఊరికి కూడా తీసుకెళ్లాను. నాయిన గొర్లను దొడ్లోకి తోలి వచ్చి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. అక్క ఒక్కొక్కటే అడుగుతోంది, నాయిన చెబుతున్నాడు.

"పెద్దాయనా, తెల్లారేటప్పుడు, ఇంకా వెలుగు సరిగ్గా రాకముందు వేళను ఏమంటారు?"

"ఎగిలివారంగ అంటం."

అక్క రాసుకుంది. నాయినకు అనుమానం వచ్చింది. "ఇవన్ని ఇదివరకు రాసుకున్నవని మా బిడ్డ చెప్పె. ఏమైనయమ్మా?"

"యంత్రం పాడైంది పెద్దాయనా."

"ఒక్కకాడనే పెట్టినారా అన్నీ? రోగమొచ్చిన ఏడు నేను సగం గొర్లను మా బామ్మర్ది దొడ్లకు తోలిన. గవే మిగిలినయ్."

అక్క తల వంచుకుని రాస్తోంది. ఇక ఆమె నన్ను కాపాడటం నేను చూడలేకపోయాను.

"రెండు కాడ పెట్టినం నాయినా. రెండోకాడ నేనే పోగొట్టిన."

నాయిన నన్ను చూశాడు, అక్కను చూశాడు. "అయినా ఎంబడి తిప్పుకుంటున్నవా దీన్ని?" అని అక్కను అడిగాడు.

"అదే తిప్పుతోంది నన్ను," అంది అక్క.

"అయితే బువ్వ తిని పోండ్రి. పొద్దుగూకినంక ఆటోలు దొరకవ్," అని లేచాడు.

ఆ రోజు సాయంత్రం షేర్ ఆటోలో, పది మంది మధ్య ఇరుక్కుని కూర్చుని, ఆమె నా చేతిని తన చేతిలోకి తీసుకుంది. నేరేడుచర్ల వచ్చేదాకా వదల్లేదు. కోపం పోయిందా అని నేను అడగలేదు.

డిస్కుల పద్ధతి కూడా మార్చుకున్నాం. తీసేసే పని ఏ సాఫ్ట్‌వేర్‌కూ ఇవ్వకూడదు. చేర్చడమే. పాతది పాతగానే ఉండాలి, కొత్తది పక్కన చేరాలి. మార్చుకునే ముందు ఎవరి ఫోల్డర్‌ను వాళ్లు కాదు, ఎదుటివాళ్ల ఫోల్డర్ తెరిచి పది ఫైళ్లు చదవాలి. అలా ఆమె రాసినవన్నీ నేను చదివాను, నా పాప ఫొటోలన్నీ ఆమె చూసింది. బస్సులు బంద్ అయిన నెలల్లో మాత్రం కలవలేకపోయాం. అప్పుడు రాష్ట్రం గురించి ప్రతిచోటా మాటలు వేడిగా ఉండేవి. మాటలు అడగడానికి వెళితే, 'ఇవి ఎవరి కోసం రాస్తున్నరు, ఈ దిక్కువాళ్ల కోసమా, ఆ దిక్కువాళ్ల కోసమా' అని ఒకరిద్దరు నిలదీశారు. "మాట్లాడేవాళ్ల కోసం," అనేది అక్క. ఆమె భర్తది భీమిలి దగ్గర ఊరు. ఆమె పుట్టింది కోదాడలో. ఆ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పేది కాదు.

2012లో మా ఇంటికి మంచి ఇంటర్నెట్ వచ్చింది. ఫైళ్లను నేరుగా ఇంటర్నెట్‌లో దాచే సాఫ్ట్‌వేర్లు వచ్చాయని స్కూల్లో ఎవరో చెప్పారు. ఈసారి తొందరపడలేదు. ఆరు నెలలు నావి మాత్రమే పెట్టి చూశాను. తుడిచిన ఫైలు మళ్లీ తెచ్చుకోవచ్చా, పాత రూపం ఉంటుందా, ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటుందా అని ఒక్కొక్కటే పరీక్షించాను. అన్నీ బాగున్నాయని తేలాకే కోదాడ వెళ్లి అక్క కంప్యూటర్‌లో పెట్టాను. ఇద్దరం చూసుకునేలా ఒకే ఫోల్డర్. ఆమె ఒక మాట టైపు చేస్తే నిమిషంలో మా ఇంట్లో కనపడుతుంది.

ఆమె మౌసు వదిలి నా వైపు తిరిగింది.

"అంతేనా? ఇంక మనం చెయ్యాల్సిందేం లేదా?"

"ఏం లేదక్కా. ఇగ నువ్వు బస్సెక్కే పని లేదు. మోకాళ్లకు బాధ తప్పింది."

ఆ మాట అన్నది నేనే. సంతోషంగా అన్నాను. ఆమె కోసం ఏదో మంచి చేశాననుకున్నాను. నా తప్పుకు బదులు తీర్చాననుకున్నాను. ఆమె సరేనన్నట్టు తలూపింది.

ఆ తర్వాత రెండు నెలలు అలవాటు కొద్దీ నేరేడుచర్లలో కలిశాం. చేతిలో డిస్కులు లేవు. ఊరికే ఇడ్లీ తినడానికి అంత దూరం రావడమేమిటని ఇద్దరికీ సిగ్గనిపించినట్టుంది. మూడో నెల ఆమెకు మోకాళ్లు, నాలుగో నెల నాకు పదో తరగతి స్పెషల్ క్లాసులు. ఐదో నెల ఇద్దరమూ ఫోన్ చేసుకోలేదు. గొడవ లేదు, మనసులో ఏమీ లేదు. కలవాల్సిన పని లేదు, అంతే. ఎన్నోసార్లు అనుకున్నాను, పని ఏదైనా కల్పించుకుంటే బాగుండునని. ఫలానా ఫైలు తెరుచుకోవడం లేదని అబద్ధం చెబితే వస్తుంది. కానీ ఫైళ్ల విషయంలో ఆమెతో అబద్ధం ఇంకోటి చెప్పలేను.

2013లో ఆమె రిటైరయింది. వీడ్కోలు సభకు వెళ్లాను. జనం మధ్య నాలుగు మాటలు కూడా మాట్లాడుకోలేదు. ఆ చలికాలంలో ఆమె భర్త భీమిలి దగ్గరి తన ఊరికి వెళ్లిపోదామన్నాడు. సామాను లారీకి ఎక్కించిన రోజు నాకు ఫోన్ చేసింది.

"నోటుబుక్కులు నాతో తీసుకుపోతున్నా. మిగతాదంతా ఎటూ నీ దగ్గర ఉంది కదా."

"ఉంది అక్కా. నేనొచ్చేదాన్ని గద, ముందు చెప్తే."

"చెబితే ఏడుస్తావని చెప్పలేదు," అంది. మళ్లీ తనే, "నేను ఏడుస్తానని," అంది.

ఆ తర్వాత ఆమె నాకు తెర మీద ఒక గుర్తుగా మిగిలింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా ఫైలు మారుతుంటే మూలన చిన్న గుర్తు తిరుగుతుంది. స్కూలు నుంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే, నాలుగున్నర ప్రాంతంలో అది తిరిగేది. అంటే మధ్యాహ్నం కునుకు తీసి, టీ తాగి, అక్క బల్ల ముందు కూర్చుంది. అక్కడి బెస్తవాళ్ల మాటలు రాయడం మొదలుపెట్టింది. వలలకు, గాలులకు ఎన్నో పేర్లు. నేను ఆ ఫైలు తెరిచేదాన్ని కాదు. గుర్తు తిరిగినంతసేపు చూస్తూ కూర్చునేదాన్ని. ఫోన్ చేయొచ్చు. చేస్తే ఐదు నిమిషాల్లో బాగున్నావా, బాగున్నా అనడంతో అయిపోతుంది. నాకు కావలసింది ఆ ఐదు నిమిషాలు కాదు, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా.

2014 అక్టోబరులో ఆ తీరంలో పెద్ద తుపాను వచ్చింది. టీవీలో విరిగిన స్తంభాలు, ఎగిరిపోయిన కప్పులు చూపించారు. అక్క ఫోన్ మోగలేదు. ఆమె భర్తదీ మోగలేదు. కంప్యూటర్ తెరిస్తే ఫోల్డర్ మామూలుగానే ఉంది. పోగైన మాటలన్నీ, చివరి మధ్యాహ్నం రాసిన మాటతో సహా, ఒక్కటీ పోలేదు. ఇన్నేళ్లు మేము భయపడి, నేర్చుకుని, కట్టుకున్నదంతా అనుకున్నట్టే పనిచేసింది. ఆమె ఎలా ఉందో మాత్రం ఎవరినడిగితే తెలుస్తుంది? రోజూ సాయంత్రం కూర్చుని మూలన ఉన్న గుర్తును చూసేదాన్ని. అది కదలలేదు. మా ఆయన తన డిపార్ట్‌మెంట్‌లో వాకబు చేశాడు. ఆ వైపు లైన్లన్నీ పడిపోయాయని, కరెంటుకు వారం పైన పడుతుందని చెప్పారు. తొమ్మిదో రోజు నేను సంచి సర్దుకుని రైలు టికెట్ తెమ్మన్నాను.

పదో రోజు సాయంత్రం గుర్తు తిరిగింది.

నేను ఫోన్ తీసేలోపే ఫోన్ మోగింది.

"కరెంటు ఇప్పుడే వచ్చింది చెల్లీ," అంది అక్క. గొంతు బొంగురుపోయి ఉంది. "పెంకులు ఎగిరిపోయినయి. నోటుబుక్కులు తడిసి ముద్దయినయి. ఒకసారి తెరిచి చూడు, అక్కడ అన్నీ ఉన్నాయా?"

"అన్నీ ఉన్నయక్కా. నువ్వెట్లున్నవ్?"

"నేను బానే ఉన్నా. పది ఫైళ్లు తెరిచి చదివి చెప్పు."

నేను ఒక్కొక్కటే తెరిచి చదవడం మొదలుపెట్టాను. పది అయిపోయినా ఆమె చాలు అనలేదు, నేను ఆపలేదు. వచ్చే శుక్రవారం బండికి నా టికెట్ అప్పటికే బల్ల మీద ఉంది. ఆ సంగతి ఇంకా చెప్పలేదు. ఇంకో ఫైలు తెరిచాను.